సముద్రంలోకి జరిగిన సరిహద్దు

ఐరోపా సమాఖ్యను వదిలి వెళ్లాలని బ్రిటన్ తీర్మానించుకుంది, దాన్నే బ్రెగ్జిట్ అన్నారు. ఆ తీర్మానం బరువంతా ఐర్లండ్ పొలాల మధ్య సాగే 500 కిలోమీటర్ల గీత మీద పడింది.

ఐర్లండ్‌లో క్లోన్స్ అనే చిన్న ఊరి నుంచి కావన్ పట్టణానికి కారులో వెళ్తుంటే, పదీ పన్నెండు కిలోమీటర్లు తిరిగేలోపే నాలుగుసార్లు దేశం సరిహద్దు దాటాల్సి వస్తుంది. బయల్దేరింది ఐరిష్ రిపబ్లిక్‌లో, చేరేదీ అక్కడికే. మధ్యలో రోడ్డు రెండుసార్లు ఉత్తర ఐర్లండ్‌లోకి, అంటే బ్రిటన్ ఏలుబడిలోని నేలలోకి వెళ్లి బయటికి వస్తుంది. తారు అంచున పసుపు గీత పోయి తెల్ల గీత మొదలైతే బ్రిటన్. వేగ పరిమితి బోర్డు మీద మైళ్లు పోయి కిలోమీటర్లు కనిపిస్తే మళ్లీ రిపబ్లిక్. అడ్డుకర్ర లేదు, చెక్‌పోస్టు లేదు, కారు ఆపి కాగితాలు అడిగే మనిషి లేడు.

ఇలాంటి దారులెన్ని ఉన్నాయో 2018లో రెండు వైపుల అధికారులు కలిసి లెక్కపెడితే 208 తేలాయి. ఐరోపా సమాఖ్య తూర్పు సరిహద్దు మొత్తం మీద ఉన్న దారుల కంటే ఎక్కువ. కొన్ని పెద్ద రహదారులు, కొన్ని ట్రాక్టరు పట్టేంత డొంకలు. ఒక రైతు ఇల్లు ఇటు, పశువుల కొట్టం అటు. ఈ గీతను ఏం చెయ్యాలన్న ప్రశ్నకు జవాబు దొరక్క ఒక బ్రిటన్ ప్రధాని పదవి కోల్పోయారు, ఉత్తర ఐర్లండ్‌లో ప్రభుత్వమే రెండేళ్లు మూతపడింది. బ్రెగ్జిట్ మీద ఓటు వేసిన రోజున మాత్రం ఇంగ్లండ్‌లో ఈ ఊసెత్తినవాళ్లు చాలా తక్కువ.

జిల్లా హద్దు దేశపు హద్దయింది

ఈ గీతను దేశాల మధ్య సరిహద్దుగా ఎవరూ గీయలేదు. బ్రిటిష్ పార్లమెంటు 1920లో చేసిన చట్టంతో, 1921 మే నెలలో ఐర్లండ్ రెండు ముక్కలైంది. ఉత్తరాన ఆరు కౌంటీలను విడదీసి ఉత్తర ఐర్లండ్ అన్నారు. బ్రిటన్‌తోనే ఉండాలని కోరే ప్రొటెస్టెంట్లు అక్కడ దాదాపు మూడింట రెండొంతులు. ఆ మెజారిటీ నిలబడేలా చూసుకునే ఆ ఆరింటిని ఎంచుకున్నారు. మిగిలిన ఇరవై ఆరు కౌంటీలు 1922 డిసెంబరులో ఐరిష్ ఫ్రీ స్టేట్ అయ్యాయి. పన్నులకూ కోర్టులకూ పాత పాలకులు గీసుకున్న కౌంటీల హద్దులే రాత్రికి రాత్రి రెండు దేశాల హద్దులయ్యాయి. పెట్టిగో అనే ఊళ్లో పారే చిన్న ఏరు ఊరిని రెండుగా చీల్చింది. ఏటికి ఇటు డొనెగాల్, అటు ఫర్మానా.

సరిచేస్తామని 1924లో ఒక సరిహద్దు కమిషన్ వేశారు. దాని ప్రతిపాదనలు 1925 నవంబరులో ఒక లండన్ పత్రికకు పొక్కాయి. దాంతో గొడవ రేగి, ఉన్న గీతనే ఉంచుకోవడానికి మూడు ప్రభుత్వాలూ ఒప్పుకున్నాయి. ఆ నివేదిక 1969 దాకా వెలుగు చూడలేదు. గీత వెంట బతికేవాళ్ల మాట వినడానికి దొరికిన ఒకే ఒక్క అవకాశం అలా పోయింది. ఇరవై రెండేళ్ల తర్వాత పంజాబ్, బెంగాల్‌లను విడదీసే పని పడ్డప్పుడు లండన్ మళ్లీ కమిషన్ పద్ధతినే పట్టుకుంది. ఐర్లండ్‌లో నేర్చుకున్నదేమీ అక్కడ కనపడదు.

1923 ఏప్రిల్ 1న కస్టమ్స్ చౌకీలు వెలిశాయి. అదే ఏడాది నుంచి మనుషులు మాత్రం పాస్‌పోర్టు అవసరం లేకుండా రెండు దేశాల మధ్యా తిరిగే ఏర్పాటు ఉంది. దాన్నే ఉమ్మడి ప్రయాణ ప్రాంతం అంటారు. మనిషికి తలుపు తెరిచి, సరుకుకు మూశారు. సరుకు ఊరుకుంటుందా? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో దక్షిణాన టీ పొడికి, తెల్ల పిండికి కటకట. ఉత్తరాన వెన్నకూ మాంసానికీ కరువు. సైకిళ్ల మీద, పాల బళ్లలో, కోటు లోపలి జేబుల్లో అటు సరుకు ఇటూ ఇటు సరుకు అటూ నడిచింది. సరిహద్దు ఊళ్లలో ఆ కథలు ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు.

ఆ తర్వాతి కథల్లో నవ్వు లేదు.

రోడ్లను పేల్చిన కాలం

1960ల చివర ఉత్తర ఐర్లండ్‌లో మొదలైన హింస ముప్ఫై ఏళ్లు సాగి 3,500 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఐర్లండ్ ఏకం కావాలని ఆయుధం పట్టిన ఐఆర్ఏ ఒక పక్క, బ్రిటన్‌తోనే ఉండాలనే సాయుధ ముఠాలు మరో పక్క, మధ్యలో బ్రిటిష్ సైన్యం. సరిహద్దు మీదుగా ఆయుధాలూ మనుషులూ వస్తున్నారని సైన్యం వందల చిన్న దారుల్ని మూసేసింది. కొన్నింటిని బాంబులు పెట్టి గుంతలు చేసింది, కొన్నింటికి అడ్డంగా కాంక్రీటు దిమ్మెలూ ఇనుప మేకులూ పాతింది. అధికారికంగా తెరిచి ఉంచినవి ఇరవై దాకానే. పొలం పక్కనే ఉన్న చుట్టాలింటికి వెళ్లాలన్నా చుట్టు తిరిగి చెక్‌పోస్టు గుండా పోవాలి. ఊరివాళ్లు ఆదివారం పారలు పట్టుకుని గుంతలు పూడ్చేవాళ్లు. సైన్యం వచ్చి మళ్లీ పేల్చేది.

కస్టమ్స్ చౌకీ ఈ యుద్ధంలో ఊరికే నిలబడ్డ భవనం కాదు, గురి. 1972 ఆగస్టు 22న న్యూరీ కస్టమ్స్ కార్యాలయంలో బాంబు ముందే పేలి తొమ్మిది మంది చనిపోయారు. బాంబు తెచ్చిన ముగ్గురు, నలుగురు గుమాస్తాలు, ఇద్దరు లారీ డ్రైవర్లు. 1988 ఫిబ్రవరిలో ఆఖ్నక్లాయ్ చెక్‌పోస్టు దాటి, ఆట మైదానానికి నడిచి వెళ్తున్న 23 ఏళ్ల యువకుడు సైనికుడి తూటాకు కూలిపోయాడు. ఆ సైనికుణ్ణి కోర్టు దోషిగా తేల్చింది 2022లో. 1990 అక్టోబరులో డెర్రీ పక్కన కోష్‌క్విన్ దగ్గర ఐఆర్ఏ చేసిన పని ఇంకా ఘోరం. సైనిక శిబిరం క్యాంటీన్‌లో పనిచేసే ఒక స్థానికుడి కుటుంబాన్ని బందీలుగా పట్టుకుని, బాంబు నింపిన బండిని చెక్‌పోస్టులోకి అతడి చేతే నడిపించింది. అతడూ ఐదుగురు సైనికులూ మరణించారు.

సరిహద్దు భయం ఒక్క వర్గానిదే అనుకుంటే తప్పు. ఫర్మానాలో గీత పక్కన సాగు చేసుకునే ప్రొటెస్టెంట్ రైతులు, పార్ట్‌టైమ్ పోలీసులుగానో సైనికులుగానో చేరినవాళ్లు, తమ పెరట్లోనే కాల్పులకు గురయ్యారు. దాడి చేసినవాళ్లు నిమిషాల్లో గీత దాటిపోయేవాళ్లు. డెమోక్రటిక్ యూనియనిస్ట్ పార్టీ, అంటే డీయూపీ నాయకురాలిగా బ్రెగ్జిట్ రోజుల్లో వార్తల్లో నిలిచిన ఆర్లీన్ ఫాస్టర్ అలాంటి ఇంటి పిల్లే. 1979లో ఇంటి దగ్గరే ఆమె తండ్రిని కాల్చారు, ఆయన బతికారు. 1988లో ఆమె వెళ్తున్న స్కూలు బస్సులో బాంబు పేలింది. ఆమె పార్టీ రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. కానీ ఆమె ఆ గీతను చూసే చూపు ఎక్కడి నుంచి వచ్చిందో మరిచిపోయి తీర్పు చెప్పడం అన్యాయం.

గీత ఎలా కనపడకుండా పోయింది

రెండు వేర్వేరు పనులు కలిసి దాన్ని మాయం చేశాయి. బ్రిటన్, ఐర్లండ్ రెండూ ఒకే రోజున, 1973 జనవరి 1న, అప్పటి ఐరోపా ఆర్థిక సమాజంలో చేరాయి. 1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చాక సుంకాల తనిఖీకి పని లేకుండా పోయి, కస్టమ్స్ చౌకీలు మూతపడ్డాయి. సైన్యపు చెక్‌పోస్టులు మాత్రం అప్పటికీ ఉన్నాయి. వాటిని తీయించింది 1998 ఏప్రిల్ 10 నాటి గుడ్ ఫ్రైడే ఒప్పందం. ఉత్తరాన 71 శాతం, దక్షిణాన 94 శాతం జనం దానికి ఓటేశారు. దక్షిణ ఆర్మా కొండల మీది కావలి బురుజులు ఒక్కొక్కటే దిగిపోయాయి. 2007 జులై 31తో సైనిక చర్య అధికారికంగా ముగిసింది.

మార్కెట్ ఒక్కటే ఉంటే తుపాకులు మిగిలేవి. ఒప్పందం ఒక్కటే ఉంటే కస్టమ్స్ మిగిలేది. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా రెండోది కుంటుతుందని ఇంగ్లండ్‌లో గుర్తించినవాళ్లు తక్కువ.

గుడ్ ఫ్రైడే ఒప్పందంలోని గొప్పతనం ఇంకోటి ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో పుట్టినవాళ్లు తమను బ్రిటిష్ వారనుకోవచ్చు, ఐరిష్ వారనుకోవచ్చు, రెండూ అనుకోవచ్చు. రెండు పాస్‌పోర్టులూ ఉంచుకోవచ్చు. ‘నువ్వు ఏ దేశం మనిషివి’ అన్న ప్రశ్న రోజువారీ బతుకులో ఎదురుకాకుండా పోయింది. తనిఖీ లేని రోడ్డు వల్లే అది సాధ్యమైంది.

ఒప్పందం తర్వాతి ఇరవై ఏళ్లలో ద్వీపం మళ్లీ కలిసి బతకడం మొదలుపెట్టింది. ఉత్తరాన పిండిన పాలలో దాదాపు మూడో వంతు దక్షిణాన ఉన్న డెయిరీలకు వెళ్తాయి. డబ్లిన్‌లో తయారైన గిన్నిస్ బీరు ట్యాంకర్లలో బెల్‌ఫాస్ట్ వెళ్లి, అక్కడ డబ్బాల్లోకి చేరి, మళ్లీ లారీ ఎక్కి డబ్లిన్ రేవుకు వస్తుంది. 2007 నుంచి కరెంటుకు ద్వీపమంతటికీ ఒకే మార్కెట్. డొనెగాల్ కౌంటీలో క్యాన్సర్ వచ్చినవాళ్లు రేడియేషన్ కోసం మునుపు డబ్లిన్‌కో గాల్వేకో గంటల తరబడి ప్రయాణం చెయ్యాల్సి వచ్చేది. 2016 చివర్లో డెర్రీలోని ఆల్ట్‌నాగెల్విన్ ఆసుపత్రిలో కొత్త కేంద్రం తెరిచాక గీత దాటి అక్కడికే వెళ్తున్నారు. అటువైపు, ఉత్తర ఐర్లండ్‌లో గుండె జబ్బుతో పుట్టిన పిల్లలకు ఆపరేషన్ డబ్లిన్‌లోని క్రమ్లిన్ ఆసుపత్రిలో. అంబులెన్సు ఎటు తిరిగినా ఎవరూ ఆపరు. బ్రెగ్జిట్ చర్చల్లో అధికారులు కూర్చుని చూస్తే రెండు వైపులా కలిసి నడిచే పనులు 140కి పైగా తేలాయి. చాలా వాటి వెనక ఐరోపా చట్టమే ఇరుసుగా ఉంది.

మూడు మాటలు, రెండే సాధ్యం

2016 జూన్ 23న జరిగిన రెఫరెండంలో బ్రిటన్ మొత్తం మీద 51.9 శాతం బయటికి పోదామన్నారు. ఉత్తర ఐర్లండ్‌లో 55.8 శాతం ఉండిపోదామన్నారు. ఓటుకు రెండు వారాల ముందు మాజీ ప్రధానులు జాన్ మేజర్, టోనీ బ్లెయిర్ ఇద్దరూ డెర్రీ వెళ్లి శాంతి వంతెన మీద నడిచి హెచ్చరించారు. ఒకరు కన్జర్వేటివ్, ఒకరు లేబర్. శాంతి చర్చల కష్టమేమిటో ఇద్దరూ అనుభవించినవాళ్లు. అప్పటి ఉత్తర ఐర్లండ్ వ్యవహారాల మంత్రి థెరీసా విలియర్స్ మాత్రం సరిహద్దుకు ఏమీ కాదన్నారు.

అలా అనడం తేలిక. కానీ ఒక సమాఖ్యలో ఉన్న దేశానికీ బయట ఉన్న దేశానికీ మధ్య సరుకు దాటే చోట ఎవరో ఒకరు కొన్ని సంగతులు చూడాలి. సుంకం కట్టారా, మాంసం ఏ ప్రమాణాల్లో కోశారు, పశువుకు రోగముందా, ఆ వస్తువు నిజంగా ఎక్కడ తయారైంది. చూడకపోతే ఉమ్మడి మార్కెట్‌కు ఆ వైపు గోడ ఉండదు. బ్రిటన్ ఏ దేశం నుంచి ఏ సరుకు చవగ్గా తెచ్చుకున్నా, అది ఒక ఐరిష్ డొంక గుండా బెర్లిన్ దాకా పోవచ్చు. సరిహద్దుకు ప్రాణం పోసేది ఈ తనిఖీయే. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తర్వాతి నాలుగేళ్ల గొడవంతా.

2017 జనవరిలో ప్రధాని థెరీసా మే ప్రకటించిన దారి ప్రకారం బ్రిటన్ ఉమ్మడి మార్కెట్ నుంచీ కస్టమ్స్ యూనియన్ నుంచీ బయటికి వస్తుంది. ఐర్లండ్‌లో గీత మీద తనిఖీలు రావు. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య కూడా తేడా ఉండదు. ఈ మూడు మాటల్లో ఏ రెండైనా నిలబెట్టుకోవచ్చు, మూడూ కలిపి కుదరవు. ఆ చిన్న లెక్క ఒప్పుకోవడానికి బ్రిటిష్ పార్లమెంటుకు ఏళ్లు పట్టింది.

ఆ మధ్య కాలంలో వినిపించిన మాటలు గుర్తు చేసుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. 2018 ఫిబ్రవరిలో విదేశాంగ మంత్రిగా ఉన్న బోరిస్ జాన్సన్ ఐరిష్ సరిహద్దును లండన్‌లో క్యామ్‌డెన్, వెస్ట్‌మినిస్టర్ పురపాలక ప్రాంతాల మధ్య హద్దుతో పోల్చారు. అక్కడ కెమెరాలతో రద్దీ సుంకం వసూలు చేస్తున్నాం కదా, ఇక్కడా అలాగే చేయొచ్చన్నారు. అదే ఏడాది ఉత్తర ఐర్లండ్ వ్యవహారాల మంత్రి క్యారెన్ బ్రాడ్లీ, పదవి చేపట్టేదాకా అక్కడ ఐర్లండ్ ఏకం కావాలనే నేషనలిస్టులు, బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు పార్టీలకు ఓటెయ్యరన్న సంగతి కూడా తెలియదని ఒప్పుకున్నారు. దేశం పెద్దలు తమ దేశంలోని ఒక భాగం గురించి ఇంత తెలియకుండా దాని భవిష్యత్తు తేల్చబోయారు.

కెమెరాలు చాలవా అన్న ప్రశ్నకు జవాబు పోలీసుల దగ్గర ఉంది. అక్కడి పోలీసు ఉన్నతాధికారి జార్జ్ హామిల్టన్ స్పష్టంగా చెప్పారు. గీత మీద ఏ నిర్మాణం పెట్టినా ఆయుధం వదలని చీలిక ముఠాలకు అది గురి అవుతుంది, దాన్ని కాపాడటానికి పోలీసులు రావాలి, వాళ్లూ గురి అవుతారు. 2019 జనవరిలో సరిహద్దు జనం క్యారిక్‌కార్నన్ దగ్గర ఉత్తుత్తి గోడ, ఉత్తుత్తి చెక్‌పోస్టు కట్టి, సైనికుల వేషాలు వేసి, తర్వాత అందరూ కలిసి కూల్చేశారు. తమ పిల్లలకు ఆ కాలం ఎలా ఉండేదో చూపించడం కూడా అందులో భాగమే.

థెరీసా మే చివరికి ‘బ్యాక్‌స్టాప్’ అనే ఏర్పాటుకు ఒప్పుకున్నారు. మెరుగైన దారి దొరికేదాకా బ్రిటన్ అంతా ఐరోపా కస్టమ్స్ ప్రాంతంలోనే ఉంటుందన్నమాట. 2019 జనవరి 15న పార్లమెంటు దాన్ని 432-202 ఓట్లతో తిప్పికొట్టింది. మరో రెండుసార్లు తెచ్చినా ఓడింది. ఆమె వెళ్లిపోయారు, జాన్సన్ వచ్చారు. అక్టోబరు 10న లివర్‌పూల్ అవతల విరల్ ప్రాంతంలో ఐరిష్ ప్రధాని లియో వరాద్కర్‌తో ఏకాంతంగా మాట్లాడాక దారి తెరుచుకుంది. మూడు మాటల్లో మూడోదాన్ని వదిలేశారు. సరుకుల వరకు ఉత్తర ఐర్లండ్ ఐరోపా నియమాల్లోనే ఉంటుంది. తనిఖీలు ఐరిష్ సముద్రం మీద, లార్న్, బెల్‌ఫాస్ట్ రేవుల్లో. ఏ బ్రిటిష్ కన్జర్వేటివ్ ప్రభుత్వమూ అలాంటి ఏర్పాటుకు సంతకం పెట్టకూడదని 2018 నవంబరులో డీయూపీ సభకు వెళ్లి చెప్పి వచ్చింది జాన్సనే. ఒప్పందం కుదుర్చుకున్నాక కూడా, ఎవరైనా ఫారం నింపమంటే చెత్తబుట్టలో పడెయ్యండని అక్కడి వ్యాపారులకు చెప్పారు.

రేవులో మొదలైన గొడవ

2021 జనవరి 1న ఆ ఫారాలు నిజంగానే వచ్చాయి. నియమాల ప్రకారం ఇంగ్లండ్ నుంచి బెల్‌ఫాస్ట్‌కు వచ్చే లారీల్లో ప్రతి మాంసం పదార్థానికీ పశువైద్యుడి సర్టిఫికెట్ కావాలి, సూపర్‌మార్కెట్లకు మాత్రం తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చారు. చల్లబరిచిన సాసేజ్‌లు బయటి దేశాల నుంచి తేకూడదన్నది ఐరోపా నియమం. ఇప్పుడు ఇంగ్లండ్ బయటి దేశం. స్కాట్లండ్ విత్తన బంగాళాదుంపలు ఆగిపోయాయి. మట్టి అంటిన మొక్కలు ఆగిపోయాయి. చాలా చిన్న కంపెనీలు ఉత్తర ఐర్లండ్‌కు పార్సిళ్లు పంపడమే మానేశాయి.

కొత్తగా పుట్టుకొచ్చిన ఆలోచనేమీ కాదిది. ద్వీపంలో పశురోగాలు రాకుండా, బ్రెగ్జిట్‌కు ముందునుంచే బ్రిటన్ నుంచి వచ్చే పశువులను లార్న్‌లో పరీక్షించేవాళ్లు. మా జనం బ్రిటిష్ వారే గానీ మా ఆవులు ఐరిష్‌వేనని పాత డీయూపీ నేత ఇయాన్ పైస్లీ అన్నట్టు చెబుతారు. అయితే ఆవుకు పరీక్ష వేరు, సొంత దేశంలోని ఒక ఊరి నుంచి మరో ఊరికి పంపిన వంటసరుకుకు కస్టమ్స్ డిక్లరేషన్ వేరు. యూనియనిస్టులకు తగిలిన గాయం అక్కడ. తమను బ్రిటన్‌లో ఒక ముక్కగా కాక, పక్కన పెట్టిన వస్తువుగా చూశారని వాళ్లకు అనిపించింది. బ్రెగ్జిట్ కోరుకున్నది డీయూపీయే, మే తెచ్చిన ఒప్పందాన్ని ఓడించినవాళ్లలోనూ ఆ పార్టీ ఉంది. ఆ బాధ్యత వాళ్లదే. ఆ పార్టీకి ఓటెయ్యని, బ్రెగ్జిట్‌కు ఓటెయ్యని యూనియనిస్టు కూడా అదే రేవులో నిలబడాల్సి వచ్చిందన్నదీ నిజమే.

2021 జనవరి 29న ఐరోపా కమిషన్ ఒక పెద్ద తప్పు చేసింది. టీకాల ఎగుమతిని అదుపు చేయాలని, ఐరిష్ గీత మీద తనిఖీలకు దారితీసే అత్యవసర నిబంధనను వాడబోయి, కొన్ని గంటల్లోనే వెనక్కి తగ్గింది. నాలుగేళ్లు గీతను కాపాడుతున్నామని చెప్పినవాళ్లే దాన్ని ఒక సాయంత్రం మరిచిపోయారు. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో యూనియనిస్టు వాడల్లో అల్లర్లు రేగాయి. బెల్‌ఫాస్ట్‌లో రెండు వర్గాల వాడల్ని విడదీసే గోడ దగ్గర బస్సు తగలబెట్టారు. పదుల సంఖ్యలో పోలీసులు గాయపడ్డారు. రాళ్లు రువ్వినవాళ్లలో పన్నెండు పదమూడేళ్ల పిల్లలూ ఉన్నారు. గుడ్ ఫ్రైడే ఒప్పందం నాటికి పుట్టని పిల్లలు.

2022 ఫిబ్రవరిలో డీయూపీ ఉత్తర ఐర్లండ్ ప్రభుత్వం నుంచి తప్పుకుంది. రెండు వర్గాలూ కలిస్తేనే నడిచే వ్యవస్థ గనుక, అక్కడి శాసనసభా ప్రభుత్వమూ కొలువుండే స్టార్మాంట్‌లో పాలన ఆగిపోయింది. ఆసుపత్రుల్లో ఆపరేషన్ల కోసం ఎదురుచూపులు బ్రిటన్‌లోనే అతి పొడవుగా ఉన్న చోట, రెండేళ్లపాటు పూర్తి స్థాయి ప్రభుత్వమే లేదు. ఈ కథలో నాకు ఎక్కువ కోపం తెప్పించే భాగం ఇదే.

2023 ఫిబ్రవరి 27న అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ విండ్సర్‌లో సవరణ ఒప్పందం చేసుకున్నారు. ఉత్తర ఐర్లండ్‌లోనే అమ్ముడయ్యే సరుకుకు తక్కువ కాగితాలతో ఒక దారి, దక్షిణానికి పోయేదానికి పూర్తి తనిఖీలతో మరో దారి. మొదటి దారిన వచ్చే పాలు, మాంసం ప్యాకెట్ల మీద ‘ఐరోపా సమాఖ్యకు కాదు’ అన్న ముద్ర. ఆ ఏర్పాటుకు లండన్ ఇంకొన్ని హామీలు చేర్చాక, 2024 ఫిబ్రవరి 3న స్టార్మాంట్ తెరుచుకుంది. ఫస్ట్ మినిస్టర్‌గా షిన్ ఫేన్ నేత మిషెల్ ఓనీల్ కూర్చున్నారు. ఐర్లండ్ ఏకం కావాలనే పార్టీ మనిషి ఆ కుర్చీలోకి రావడం అదే మొదటిసారి. ప్రొటెస్టెంట్ మెజారిటీ కోసం విడదీసిన ఆ ఆరు కౌంటీల్లో 2021 జనగణన లెక్కల ప్రకారం క్యాథలిక్ నేపథ్యం ఉన్నవాళ్లు 45.7 శాతం, ప్రొటెస్టెంట్లు 43.5 శాతం.

నేల మీద ఏం మారింది

గీత మీద చెక్‌పోస్టు రాలేదు. కానీ సరుకు నడిచే దారి మారింది. 2021లో ఒక్క ఏడాదిలోనే ఉత్తర, దక్షిణ ఐర్లండ్‌ల మధ్య వ్యాపారం రెండు వైపులా 50 శాతానికి పైగా పెరిగింది. ఇంగ్లండ్ నుంచి తెప్పించుకునే దక్షిణాది దుకాణాలు అదే సరుకు ఉత్తరాన కొనడం మొదలుపెట్టాయి, ఎందుకంటే అక్కడి నుంచి రావడానికి కాగితం అక్కర్లేదు. ఒకప్పుడు వేల్స్ మీదుగా ఇంగ్లండ్ దాటి ఫ్రాన్స్ చేరే ఐరిష్ లారీలు చాలా ఇప్పుడు రాస్‌లేర్ రేవులో పడవ ఎక్కి తిన్నగా ఫ్రాన్స్‌లో దిగుతున్నాయి. ద్వీపాన్ని విడదీస్తుందనుకున్న బ్రెగ్జిట్ దాన్ని వ్యాపారంలో దగ్గర చేసింది. ఉత్తర ఐర్లండ్‌లో ఐరిష్ పాస్‌పోర్టు కోసం దరఖాస్తు పెట్టేవాళ్లలో ప్రొటెస్టెంట్ ఇళ్లవాళ్లూ కనిపిస్తున్నారు.

తనిఖీ లేకపోవడం అందరికీ ఒకేలా ఉండదు. డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో, చదువుల్లో ఉన్న తెలుగువాళ్లకు ఇది బాగా తెలుసు. ఐర్లండ్‌లో నివాస అనుమతి ఉన్నా సరే, భారత పాస్‌పోర్టుతో బెల్‌ఫాస్ట్ వెళ్లాలంటే బ్రిటన్ వీసా కావాలి. రోడ్డు మీద ఎవరూ అడగరు కదా అని వారాంతం విహారానికి జెయింట్స్ కాజ్‌వే బండరాళ్లు చూడటానికి వెళ్తే చట్టాన్ని దాటినట్టే. ఈ నియమం బ్రెగ్జిట్‌తో వచ్చింది కాదు, ముందునుంచీ ఉంది. రెండు దేశాలూ తిరిగే ఉమ్మడి వీసా ఏర్పాటు భారతీయులకు ఉన్నది స్వల్పకాల సందర్శకుల కోసం. బస్సుల్లో, బెల్‌ఫాస్ట్-డబ్లిన్ రైల్లో ఐరిష్ పోలీసులు అప్పుడప్పుడూ తనిఖీలు చేస్తారు. కాగితాలు ఎవర్ని అడగాలో ఒంటి రంగు చూసి తేల్చుకుంటున్నారని మానవ హక్కుల సంఘాలు చాలాకాలంగా ఆక్షేపిస్తున్నాయి. తెల్లవాళ్లకు కనపడని గీత నల్లవాళ్లకు, మనలాంటి చామనచాయవాళ్లకు కనపడుతూనే ఉంది.

2025 నుంచి ఇందులో మరో పొర చేరింది. ఐరిష్ పౌరులు తప్ప, వీసా అక్కర్లేని దేశాలవాళ్లు కూడా బ్రిటన్‌లో అడుగు పెట్టే ముందు ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి, దానికి రుసుము కట్టాలి. గీత మీద ఎవరూ ఆపకపోయినా ఉత్తర ఐర్లండ్‌కూ అది వర్తిస్తుంది. డబ్లిన్‌లో దిగి ద్వీపమంతా చుట్టి వచ్చే అమెరికన్, జర్మన్ యాత్రికులు ఉత్తరాన్ని వదిలేస్తారేమోనని అక్కడి హోటళ్లవాళ్ల దిగులు.

తెరిచిన గీత గురించి ఫిర్యాదు చేయడం ఈసారి డబ్లిన్ వంతయింది. 2024 ఏప్రిల్‌లో న్యాయశాఖ మంత్రి హెలెన్ మెకెంటీ, ఆశ్రయం కోరి వస్తున్నవాళ్లలో 80 శాతానికి పైగా ఉత్తర ఐర్లండ్ గుండా నేల మీదే వస్తున్నారని చెప్పారు. రువాండాకు పంపేస్తామన్న లండన్ చట్టానికి భయపడి వస్తున్నారని అప్పటి వాదన. వాళ్లను వెనక్కి పంపుతామని ఐర్లండ్, తీసుకోబోమని సునాక్. సరిహద్దు తెరిచే ఉంచాలని అన్నేళ్లు ఐరోపానంతా ఒప్పించిన దేశం, ఆ తెరిచిన దారిన వచ్చిన నిరుపేదల విషయంలో మాట మార్చినట్టయింది. ఆ వారాల్లో డబ్లిన్ వీధుల్లో వరుసగా వెలిసిన గుడారాలు ఆ దేశానికి గౌరవం తేలేదు.

బ్రెగ్జిట్ తాకిన నేల సరిహద్దు ఇంకొకటి ఉంది. స్పెయిన్ కొసన బ్రిటన్ ఏలుబడిలో ఉన్న జిబ్రాల్టర్. అక్కడ 96 శాతం మంది ఐరోపాలోనే ఉందామన్నారు. రోజూ పదిహేను వేల మంది పనికోసం స్పెయిన్ నుంచి కంచె దాటి వస్తారు. ఓటు అయిన తొమ్మిదేళ్లకు, 2025 జూన్‌లో, ఆ కంచె తీసేసి పాస్‌పోర్టు తనిఖీని విమానాశ్రయానికీ రేవుకూ మార్చడానికి రాజకీయ ఒప్పందం కుదిరింది. నేల మీద నుంచి తనిఖీని అంచుకు నెట్టడం, ఐర్లండ్‌లో చేసిందే.

ఐర్లండ్‌లో ఈ ఏర్పాటు ఎంతకాలం ఉంటుందన్నది స్టార్మాంట్ సభ్యుల చేతిలో ఉంది. తమ ఓటు లేని చోట, బ్రస్సెల్స్‌లో తయారైన నియమాలు తమ మీద అమలవుతున్నాయన్న యూనియనిస్టుల అభ్యంతరంలో న్యాయముంది. దానికి జవాబుగానే ఒప్పందంలో నాలుగేళ్లకోసారి ఓటు పెట్టారు. 2024 డిసెంబరు 10న సభ 48-36తో కొనసాగించమంది. యూనియనిస్టు సభ్యుల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. రెండు వర్గాల మద్దతూ దొరికి ఉంటే మళ్లీ ఎనిమిదేళ్ల దాకా ఓటు అక్కర్లేదు, దొరకలేదు కాబట్టి 2028లో మళ్లీ అడగాలి. ఈలోగా 2025 మే 19న లండన్‌లో కియర్ స్టార్మర్ ప్రభుత్వమూ ఐరోపా సమాఖ్యా ఆహారం, పశువులు, మొక్కల విషయంలో ఉమ్మడి నియమాల కోసం ఒప్పందం చేసుకోవాలని తీర్మానించాయి. అది అమల్లోకి వస్తే లార్న్‌లో మాంసం పెట్టెలు, మొక్కల తనిఖీ చాలావరకు తగ్గిపోతుంది. కస్టమ్స్ కాగితాలు మాత్రం ఉంటాయి, ఎందుకంటే కస్టమ్స్ యూనియన్‌లోకి తిరిగి వెళ్లబోమని లేబర్ ప్రభుత్వమూ చెప్పింది.